కొండకి అపసవ్యం, సముద్రానికి సవ్యం

నా సైకిల్ జెర్సీకి వెనకాల మూడు జేబులుంటాయి. మధ్య జేబులో ఫోను, ఎడమ జేబులో చింతపిక్కలు, కుడి జేబు ఖాళీ. ఇల్లు కదిలే ముందు 50 పిక్కలు లెక్కపెట్టి ఎడమ జేబులో వేసుకుంటాను. దారిలో బ్రేకు గట్టిగా పట్టాల్సి వచ్చిన ప్రతిసారీ, కాలు కింద పెట్టినా పెట్టకపోయినా సరే, ఒక పిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారుతుంది. పిక్కలు మా అమ్మవి. వామనగుంటలు ఆడుకోడానికని ఎప్పటినుంచో ఓ సీసాలో దాచుకుంది. వాటిని నేను విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద ఊరేగిస్తున్నానని ఆవిడకి ఈమధ్యే తెలిసింది.

దీనికి ఫోన్‌లో యాప్‌లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ యాప్ ఏం చేస్తుందంటే, మనం ఆగిన టైమంతా మర్యాదగా తీసేసి, కదిలినంతసేపటికే సగటు కట్టి చూపించి, మనల్ని మునగచెట్టు ఎక్కిస్తుంది. నాకు కావలసింది ఆ తీసేసిన లెక్కే.

మొదటిసారి పిక్కలు వేసుకుని వెళ్ళింది ఒక ఆదివారం, బద్ధకించి ఎనిమిదింటికి బయల్దేరిన రోజు. మురళీనగర్ నుంచి హైవే ఎక్కి మద్దిలపాలెం, అక్కణ్ణుంచి ఎంవీపీ కాలనీ మీదుగా బీచ్ రోడ్డుకి దిగి రుషికొండ వెళ్ళాలి. సాగర్‌నగర్ చేరకముందే ఎడమ జేబు ఖాళీ. ఆటో ఒకటి, ఆటో దిగిన మనిషి ఒకటి, టిఫిన్ బండి దగ్గర అడ్డంగా పెట్టిన స్కూటర్లు, సిగ్నలు, స్పీడ్ బ్రేకర్, మళ్ళీ ఆటో. తర్వాతి ఆదివారం అదే దారిలో ఐదింటికే వెళ్ళాను. ఎండాకాలం కదా, మనకి ఐదున్నర కాకుండానే తెల్లారిపోతుంది, లైటు పెద్దగా అక్కర్లేదు. ఆ రోజు మారిన పిక్కలు 16.

ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా వచ్చే ప్రశ్న ఒకటే: ఆగకుండా ఓ గంట తొక్కగలిగే రోడ్డు ఎక్కడుంది? జవాబులు కూడా ఒకే తీరుగా ఉంటాయి. ఆనందపురం అవతల, సబ్బవరం అవతల, భోగాపురం అవతల, అన్నీ అవతలే. ఊరు పెరిగే కొద్దీ ఆ అవతల ఇంకా అవతలికి జరుగుతోంది. ఒకప్పుడు మధురవాడే అవతల అనేవాళ్ళు, ఇప్పుడు కొమ్మాది దాటినా అపార్ట్‌మెంట్లు వదలవు. రెండేళ్ళు పిక్కలు లెక్కపెట్టాక నాకు అర్థమైంది ఏంటంటే, ఎక్కడ అని అడిగినంతకాలం ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. ఏ వేళప్పుడు, ఎటువైపు తిరిగి అని అడిగితే మాత్రం ఇంటిపక్కనే దొరుకుతుంది.

ముందు ఈ ఆగడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే సైకిల్ తొక్కనివాళ్ళకి ఇది గొంతెమ్మ కోరికలా అనిపిస్తుంది. బ్రేకేస్తే ఏం పోయింది, మళ్ళీ తొక్కుకో! మా ఆవిడ అనేది కూడా అదే. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకుని లెక్కేశాను. గంటకి 25 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. పూర్తిగా ఆగి మళ్ళీ ఆ వేగం అందుకోడానికి పెట్టే శక్తి, సైకిల్‌తో సహా రెండున్నర మీటర్ల ఎత్తు ఎక్కడానికి పెట్టే శక్తితో సమానం. మన బరువెంతైనా ఈ ఎత్తు మారదు. అంటే ఒక్కో ఆపూ ఒక చిన్న మేడమెట్ల వరస. బీచ్ పక్కనున్న కైలాసగిరి కొండ ఎత్తు 170 మీటర్ల పైచిలుకు కాబట్టి, 70 సార్లు ఆగితే ఒక కైలాసగిరి ఎక్కినట్టు. నేను ఇప్పటికీ అలాగే కొలుస్తాను. ఆ ఎనిమిదింటి ఆదివారం వెళ్ళిరావడం కలిపి కైలాసగిరి దాటిపోయింది, కొండ మీద నుంచి కనిపించే సముద్రం మాత్రం కనపడలేదు.

ఇంకో సంగతి కూడా తేలింది, ఇది నేనూ ఊహించలేదు. 25 నుంచి 10కి తగ్గి మళ్ళీ 25కి వెళ్ళడానికి పట్టే శక్తి, రెండు మీటర్ల ఎత్తు ఎక్కినంత. పూర్తిగా ఆగితే రెండున్నర, సగంలో ఆగితే రెండు. కాలు కింద పెట్టలేదు కాబట్టి ఆగనట్టే అని సర్దిచెప్పుకోవడం ఉత్త భ్రమ. అందుకే బ్రేకు గట్టిగా పడితే చాలు, పిక్క మారుస్తాను.

ఇక్కడ స్పీడ్ బ్రేకర్ల మీద నా కోపం ఒకటి వెళ్ళగక్కుతాను, ఓపిక పట్టండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా ఉండాలి, దాని మీద నుంచి గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటిపోవచ్చు. 25! అంటే సరిగ్గా నా వేగం. పద్ధతిగా కట్టిన స్పీడ్ బ్రేకర్ అసలు సైకిల్‌కి అడ్డే కాదు, చిన్న అలలాంటిది. కానీ మన సందుల్లో ఉండేవి ఎవరో రాత్రికి రాత్రి సిమెంటు పోసి చేత్తో నిమిరినట్టుంటాయి. ఎత్తు ఉంటుంది, వెడల్పు ఉండదు, పైన తెల్ల రంగూ ఉండదు. 28 మిల్లీమీటర్ల టైరుతో ఆ గట్టు ఎక్కితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ పేరు చెప్పుకుంటాయి.

సరే, శక్తి సంగతి అలా ఉంచండి. నిజానికి నాకు పోయేది శక్తి కాదు. కైలాసగిరి ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువే ఖర్చవుతుంది, కానీ ఆ ఖర్చులో ఒక లయ ఉంటుంది. ఊపిరి, కాళ్ళు ఒక తాళానికి వచ్చాక ఆలోచనలు వాటంతటవే వదులవుతాయి. ఆఫీసు గొడవ, లోను, పిల్లాడి ట్యూషన్, అన్నీ ఎక్కడో వెనకాల ఉండిపోతాయి. ఆ స్థితికి రావడానికి నాకు కనీసం పది నిమిషాలు పడుతుంది. పది నిమిషాల తర్వాత ఒక్క ఆటో అడ్డొస్తే మళ్ళీ మొదటికి. ఆగకుండా తొక్కాలన్న యావంతా ఆ పదకొండో నిమిషం కోసమే.

మా బావమరిది దీనికి డబ్బుతో పరిష్కారం కనిపెట్టాడు. కారు వెనక స్టాండు బిగించి, దానికి సైకిల్ కట్టి, పెందుర్తి దాటి ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్ల రోడ్డు దాకా తీసుకెళ్ళి, అక్కడ దించి తొక్కుతాడు. "బావా, యాభై కిలోమీటర్ల రోడ్డు, ఒక్క సిగ్నల్ లేదు, నువ్వు ఇంకా ఆ బీచ్ రోడ్డులో పానీపూరీ బళ్ళ మధ్య తిరుగుతావేంటి" అంటాడు. రెండుసార్లు వెళ్ళాను వాడితో. రోడ్డు బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ సైకిల్ తొక్కడానికి కారు నడుపుకుంటూ వెళ్ళడం, గంటన్నర తొక్కడం కోసం గంటన్నర డ్రైవింగ్, నాకు ఒంటికి పట్టలేదు. పైగా ఆ అంచు లైను ఖాళీగా ఉంటుందనుకోవద్దు. పేలిపోయిన లారీ టైర్ల లోపలి సన్నటి తీగలు అక్కడే చేరతాయి, అవి గుచ్చుకుంటే టైరు బయటికి కనపడని పంచర్. అదే అంచు మీద ఎదురుగా రాంగ్ రూట్లో పాలబండి వస్తుంది, ట్రాక్టర్ వస్తుంది, ఎందుకంటే ఊళ్ళోవాడికి యూ టర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, తప్పు వాడిది కూడా కాదు. పక్కనుంచి కంటైనర్ లారీ పోతే ముందు గాలి తోస్తుంది, తర్వాత లాగుతుంది. చేతులు బిగుసుకుపోతాయి. పిక్కలు ఒక్కటీ మారలేదు, నిజమే, పదకొండో నిమిషం కూడా రాలేదు.

ఆ రోడ్డు వల్ల నాకు జరిగిన మేలు వేరే ఉంది. అది వచ్చాక ఒరిస్సా నుంచి రాజమండ్రి వైపు పోయే లారీలకి ఊళ్ళోకి రావాల్సిన పని తప్పింది, ఆనందపురం దగ్గరే పక్కకి తిరిగిపోతున్నాయి. తెల్లవారుజామున హనుమంతవాక, ఎండాడ, మధురవాడ మీదుగా హైవే మీద వెళ్ళడానికి నాకిప్పుడు ధైర్యం ఉందంటే దాని పుణ్యమే. బావమరిది ఆ రోడ్డు మీద తొక్కుతాడు, నేను ఆ రోడ్డు ఖాళీ చేసిన రోడ్డు మీద తొక్కుతాను.

ఇక అసలు సంగతి. భీమిలి దాకా వెళ్ళి అదే దారిన వెనక్కి వచ్చిన రోజుల్లో ఒక చిత్రం గమనించాను. వెళ్ళేటప్పుడు ఎక్కువ పిక్కలు మారుతున్నాయి, వచ్చేటప్పుడు తక్కువ. ఒకరోజు జోడుగుళ్ళపాలెం నుంచి భీమిలికి 14, భీమిలి నుంచి జోడుగుళ్ళపాలెంకి 6. మామూలుగా అయితే తిరుగుదారిలో పొద్దెక్కుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, కాబట్టి లెక్క తిరగబడాలి. మొదట గాలి అనుకున్నాను, తర్వాత నేను అలసిపోయి నెమ్మదిగా వస్తున్నానేమో అనుకున్నాను. నాలుగు వారాలు అదే తంతు. ఐదో వారం మంగమారిపేట దగ్గర కొబ్బరిబొండం తాగుతూ రోడ్డు వైపు చూస్తుంటే వెలిగింది. మనం ఎడమన నడిచే దేశంలో ఉన్నాం. భీమిలి వెళ్ళేటప్పుడు నా ఎడమన కాలనీలు, కాలేజీలు, లేఅవుట్లు, తొట్లకొండ దారి, ప్రతి సందులోంచీ ఒక బండి. సందులోంచి మెయిన్ రోడ్డెక్కేవాడు మనవైపు చూడడు, చూసినా వస్తున్నది సైకిలే కదా అని వచ్చేస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు నా ఎడమన బంగాళాఖాతం. సముద్రంలోంచి సందులు రావు.

నవ్వుకున్నాను. రెండేళ్ళుగా చెవిలో హోరుమంటున్నది అదే.

ఆ రోజు నుంచి రోడ్డుని చూసే పద్ధతి మారిపోయింది. ఎంత ట్రాఫిక్ ఉంది, ఎన్ని లైన్లు అని చూడను. నా ఎడమ చేతి పక్కన ఏముంది? సముద్రమా, కొండా, చెరువు గట్టా, రైలు పట్టాలా, ప్రహరీగోడా? వీటిలో ఏది ఉన్నా అంత మేరా సందులు ఉండవు, సందుల్లేకపోతే ఎడమనుంచి బండ్లు రావు. మధ్యలో డివైడర్ కూడా ఉంటే కుడివైపు గొడవా తగ్గుతుంది. ఊరు ఎంత రద్దీగా ఉన్నా ఇలాంటి అంచులు ఉంటాయి. మన ఊరికైతే అంచులకి కొదవే లేదు, ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు, మధ్యలో ఇరుక్కుని మనం.

కొండ అంటే సింహాచలం కొండ. దాని చుట్టూ తిరిగే దారి మనందరికీ తెలిసిందే, ఆషాఢ పౌర్ణమి ముందురోజు లక్షలమంది నడిచే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ దారి. ప్రదక్షిణ అంటే దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరగాలి. కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా వచ్చి, బీచ్ వైపు తగిలి, ఊరంతా చుట్టి, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్ళీ కొండ కిందకి చేరతారు. నా సూత్రం ప్రకారం కొండ ఎడమన ఉండాలి. అంటే హనుమంతవాక నుంచి ముడసర్లోవ, అడివివరం వైపు వెళ్ళాలి, అంటే అపసవ్యం, అంటే అప్రదక్షిణ. అలా తిరిగితే ఇంకో లాభం కూడా ఉంది, మలుపులన్నీ ఎడమకే వస్తాయి. ఎడమకి తిరిగేవాడు ఎదురొచ్చే బండ్లకి అడ్డంగా పోనక్కర్లేదు. చాలా జంక్షన్లలో సిగ్నల్ కోసం ఆగాల్సిన పనీ ఉండదు.

ఇంట్లో ఈ మాట గొప్పగా చెప్పాను. అమ్మ పూలు కడుతోంది, సూది ఆపి నావైపు చూసింది.

"అప్పన్నకి అప్రదక్షిణం చేస్తావురా?"

"సైకిల్ మీద అమ్మా, దర్శనానికి కాదు."

"సైకిలైతే మాత్రం? కొండ కొండే కదా. ఎడమచేత్తో హారతి తీసుకుంటావా నువ్వు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను అపసవ్యంగానే తిరుగుతున్నాను. అడివివరం దగ్గర ఒక్క క్షణం కొండవైపు చూసి దండం పెట్టుకుంటాను, ఒంటిచేత్తో, రెండో చెయ్యి హ్యాండిల్ మీద. అమ్మకి ఈ ఒంటిచేతి దండం సంగతి చెప్పలేదు.

ఆ దారిలో నాకు బాగా నచ్చే ముక్క ముడసర్లోవ చెరువు దగ్గర. పొద్దున్న ఆరింటికి నీళ్ళ మీద తేలుతున్న సోలార్ పలకలు ఇంకా బూడిదరంగులోనే ఉంటాయి, వాటి అంచున కొంగలు వరసగా నిలబడి ఉంటాయి, అటుపక్క కంబాలకొండ అడవి మీద మంచు. అక్కడి గాలి చల్లగా తగులుతుంది, మీరు కళ్ళు మూసుకున్నా చెరువొచ్చిందని తెలుస్తుంది. కానీ మోసం చెయ్యకూడదు, ఈ చుట్టు మొత్తం ఇలా ఉండదు. గోపాలపట్నం నుంచి ఎన్‌ఏడీ, అక్కణ్ణుంచి ఊళ్ళో హైవే అంతా పిక్కలే పిక్కలు, కొండ ఎక్కడో లోపలికి జరిగిపోతుంది. ఆ ముక్క ఆరున్నర లోపు దాటితే బతికిపోతాం, ఏడు దాటితే అది సైకిల్ తొక్కడం కాదు, క్యూలో నిలబడడం.

సముద్రానికైతే తిరుగుడు మారుతుంది. సముద్రం ఎడమన ఉండాలంటే భీమిలి నుంచి ఊరివైపు రావాలి. మరి భీమిలికి వెళ్ళడం ఎలా? లోపలినుంచి. హైవే మీద మధురవాడ, ఆనందపురం, తగరపువలస, అక్కడ కుడికి తిరిగి భీమిలి, మళ్ళీ కుడికి తిరిగి సముద్రం వెంట ఇంటికి. ఇది సవ్యం. మా ఇంటి నుంచి 70 కిలోమీటర్లు దాటుతుంది. కుడి మలుపులు కదా, ఎడమ మలుపుల సూత్రం ఏమైందని అడగొచ్చు. రెండు సూత్రాలు కొట్టుకున్నప్పుడు నేను అంచు పక్షమే. పొద్దున్నే రెండు కుడి మలుపులకి రెండు పిక్కలు ఇస్తాను, దానికి బదులుగా పాతిక కిలోమీటర్ల సందుల్లేని రోడ్డు వస్తుంది. బేరం గిట్టుబాటే.

సూర్యుడు కూడా దీనికే ఓటేస్తాడు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఎండాకాలం పొద్దున్న భీమిలి వైపు తొక్కితే సూర్యుడు దాదాపు ఎదురుగా కళ్ళలో పొడుస్తాడు. మనకే కాదు, మన వెనక కారు నడిపేవాడికీ పొడుస్తాడు, వాడికి మనం కనపడం. అటునుంచి ఇటు వస్తే ఎండ వీపు మీద పడుతుంది. గాలి మాత్రం రెండు రకాలుగా ఉంటుంది. మార్చి దాటాక నైరుతి గాలి, భీమిలి నుంచి వచ్చేవాడికి మొహం మీదే కొడుతుంది, పొద్దెక్కే కొద్దీ ఇంకా పెరుగుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఈశాన్యం నుంచి, అంటే వెనకనుంచి తోస్తుంది. ఆ మూడు నెలలు ఎర్రమట్టి దిబ్బలు దాటాక ఎవరో సీటు వెనక చెయ్యి వేసి నెడుతున్నట్టుంటుంది, మన కాళ్ళలోనే ఇంత బలం ఉందా అని గర్వం కూడా వస్తుంది. రానివ్వండి, ఎవరికి నష్టం.

ఈ సూత్రం నన్నొకసారి దెబ్బతీసింది, అది దాచను. సముద్రం పక్క సందులుండవు, కానీ సముద్రం చూడ్డానికి వచ్చిన కార్లు ఆగేది కూడా సముద్రం పక్కనే. పోయిన ఏడాది ఆలస్యంగా బయల్దేరిన ఒక ఆదివారం, రుషికొండ దాటాక, ఎడమపక్క వరసగా ఆగిన కార్లని ఒరుసుకుంటూ వస్తున్నాను. పదకొండో నిమిషంలో ఉన్నాను మరి. ఒక కారు తలుపు తెరుచుకుంది. తెల్ల తలుపు, లోపలి అంచున ఎర్ర లైటు, ఓ చిన్న పాప చెప్పుల్లేని కాలు, ఇవి మాత్రం ఇప్పటికీ కనపడతాయి. పాపకి తగలకూడదని కుడికి లాగాను, మోచెయ్యి తలుపుకి తగిలి రోడ్డు మీద పడ్డాను. నాలుగు కుట్లు. వెనక బండి ఏదీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. పిక్కలన్నీ రోడ్డు మీద చెల్లాచెదరైతే ఆ పాప, వాళ్ళమ్మ కూర్చుని ఏరిపెట్టారు. ఇవేంటంకుల్ అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడు ఆగిన కార్లకి ఒక తలుపంత దూరం వదిలే తొక్కుతాను, ఆదివారమైతే ఏడు లోపు రుషికొండ దాటేయాలి, దాటలేకపోతే ఆ రోజు వెళ్ళను.

అన్నీ ఆటంకాలు కావని కూడా ఒప్పుకోవాలి. డిసెంబరులో ఒకసారి హైవే వదిలి పద్మనాభం వైపు లోపలికి తిరిగాను. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి పడిపోయిన ఊరది, ఇప్పుడు తాటిచెట్లు, వరిచేలు, మధ్యలో కొండ మీద గుడి. రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోశారు, చుట్టూ బండలు పేర్చి. చివర్లో తాటిచెట్టు నీడన ఓ ముసలమ్మ కర్ర పట్టుకుని కాపలా. కోళ్ళనీ నన్నూ ఒకే గొంతుతో అదిలించింది.

"దిగు బావూ, దిగు. నడిపించుకెల్లు. గింజలు నలిగిపోతాయి."

దిగాను. పక్కన నడుస్తుంటే ఎందాక ఎల్తన్నావని అడిగింది. భీమిలి అన్నాను.

"భీమిల్లో ఏటి పని?"

"పనేం లేదమ్మా, ఊరికే."

"పని నేకుండా భీమిలి ఎల్తన్నావా!" అని బోసినోటితో అంత నవ్వు నవ్వింది. రోడ్డు మీద ధాన్యం పోయకూడదని నాకూ తెలుసు, దాని వల్ల ప్రమాదాలు అవుతాయనీ తెలుసు. కానీ ఆరబెట్టుకోడానికి కళ్ళం లేనివాళ్ళ రోడ్డు మీద నేను పనిలేకుండా పోతున్నవాణ్ణి, అడ్డు ఎవరిదో తేల్చడం అంత తేలిక కాదు. ఆ రోజు ఆ నడకకి పిక్క మార్చలేదు.

ఇదే మాట బీచ్ రోడ్డుకి తిప్పి చెప్పుకోవచ్చు. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు ఆ ముక్కని తెల్లవారుజామున బండ్లకి మూసేస్తారు కదా, మొదట్లో అది చూసి ఎగిరి గంతేశాను. వెళ్ళి చూస్తే రోడ్డంతా నడిచేవాళ్ళు, యోగా చేసేవాళ్ళు, స్కేటింగ్ పిల్లలు, కర్ర పట్టుకున్న తాతగార్లు. బెల్లు కొట్టుకుంటూ వాళ్ళ మధ్య 25 మీద పోవాలనుకుంటే అక్కడ ఆటో నేనే. ఆ రోడ్డు వాళ్ళది, నేను దిగి నడుస్తాను, లేకపోతే పక్క వీధిలో పోతాను.

కానీ ఆ మూసివేత చూస్తే నాకు ఒక కోరిక పుడుతుంది. ఊళ్ళో అక్కడక్కడా సైకిల్ ట్రాకని రంగు పూసిన గీతలున్నాయి. వాటి మీద బుల్లెట్లు పార్క్ చేస్తారు, బజ్జీల బండి పెడతారు. నాకు ఆ రంగు వద్దు. ఆదివారం పొద్దున్న 5 నుంచి 7 దాకా, జోడుగుళ్ళపాలెం నుంచి రుషికొండ దాకా, సముద్రం పక్క సగం రోడ్డు బండ్లకి మూస్తే చాలు. డివైడర్ ఉంది కాబట్టి రెండో సగంలో రెండువైపులా బండ్లు నడపొచ్చు, ఆ వేళకి ఉండే ట్రాఫిక్ ఎంతని. ఖర్చు నాలుగు బారికేడ్లు, నలుగురు మనుషులు. కొలంబియా దేశంలో బొగొటా అనే ఊళ్ళో 1970ల నుంచి ప్రతి ఆదివారం ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా వంద కిలోమీటర్లకి పైగా రోడ్లు ఇలా జనానికి వదిలేస్తున్నారు, ఊరేమీ ఆగిపోలేదు. ఈ మాట అంటే బావమరిది, "మన దగ్గర అవుతుందా బావా, జనం ఊరుకుంటారా" అన్నాడు.

మన దగ్గర ఏటా అవుతుంది. ఈ సంవత్సరం గిరి ప్రదక్షిణకి అమ్మ నన్ను తోడు రమ్మంది. అపసవ్యంగా తిరిగినవన్నీ ఒక్కరోజులో సరిచెయ్యాలని ఆవిడ లెక్క. మధ్యాహ్నం తొలిపావంచా దగ్గర మొదలుపెట్టాం, కొండ కుడిచేతి పక్కన. నేను సైకిల్ మీద ఎప్పుడూ ఎదురుదిక్కు నుంచి చూసిన దారే, అన్నీ తిరగేసిన చొక్కాలా ఉన్నాయి. బండ్లని ముందే మళ్ళించేశారు. అడివివరం, ముడసర్లోవ, ఆరిలోవ, రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మనుషులే. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, వద్దన్నా చేతిలో పెడతారు. హనుమంతవాక చేరేసరికి చీకటి పడింది. మామూలు రోజున ఆ ఒక్క జంక్షన్‌లోనే నాకు మూడు పిక్కలు పోతాయి. అమ్మ రోడ్డు నడిమధ్యన, డివైడర్ మీద కూర్చుని, కాళ్ళు చాపి పిక్కలు ఒత్తుకుంటోంది, ఈ పిక్కలు ఒంటివి. తల మీద సిగ్నల్ లైటు ఎర్రబడింది, పచ్చబడింది, మళ్ళీ ఎర్రబడింది. దాని కింద నుంచి జనం నడుస్తూనే ఉన్నారు.